అరకు పేరు సరే, పొట్లంలో దాని వాటా ఎంత?



కాఫీకి ఊరి పేరు తగిలించడం ధర పెంచే ఎత్తుగడ మాత్రమేనంటూ మీ గత సంచికలో వచ్చిన వ్యాసంతో ఏకీభవించలేను. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, వయనాడ్ కాఫీలకూ అప్పుడే దక్కింది. అరకు కొండల్లో గిరిజన కుటుంబాలు సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి, చిన్న కమతాల్లో కాఫీ పండిస్తాయి. ఎర్రబడ్డ పళ్లను మాత్రమే ఏరి కోసే ఆ చేతులకు దక్కిన హక్కు ఈ పేరు.

తప్పంతా దాన్ని వాడుకునే తీరులో ఉంది. ఈమధ్య మైలాపూరులో కొన్న ఒక పొట్లం మీద ‘అరకు’ అని పెద్ద అక్షరాలున్నాయి. వెనక చిన్న అక్షరాల్లో చికోరీ 40 శాతం. మిగతా 60లో అరకు గింజ ఎంతో ఎక్కడా లేదు. చికోరీ శాతం ముద్రించడం తప్పనిసరి అయినప్పుడు, పేరు వాడుకున్న ప్రాంతపు గింజ శాతం ఎందుకు కాకూడదు?

కాఫీ దుకాణంలో పీబెర్రీ రకం గింజ ఎంత, ప్లాంటేషన్ ‘ఏ’ రకం ఎంత అని పాళ్లు చెప్పి అప్పటికప్పుడు పొడి కొట్టించుకోవడం మాకు అలవాటే. గింజ ఏ ఊరిదో కూడా అడుగుదాం. రైతు పేరు అమ్ముకునేవాళ్లు రైతు పంటనే అమ్మాలి.

— ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై