చెవికి చేరాల్సిన వార్త

పలాసలో జీడిపప్పు ఒలిచే చేతులకు పేపరు తిరగేసే తీరిక ఉండదు. చెవులు మాత్రం ఖాళీయే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బు మీద పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లలో ఎందరు వాటిని చివరిదాకా చదివారో!

గంటలకొద్దీ కూర్చుని వినడం ఉత్తరాంధ్రకు కొత్తా? ఆదిభట్ల నారాయణదాసు హరికథకు విజయనగరం, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథకు పల్లెలు రాత్రుళ్లు మేలుకున్నాయి. 1960ల చివర విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథలోనే రైతుకూలీల, గిరిజనుల గోడు వినిపించాడు. పత్రిక చేయాల్సిన పనే అది, కాకపోతే జముకు మోతతో.

లండన్ గార్డియన్ తన సుదీర్ఘ కథనాలను ఏళ్లుగా ఆడియోలో వినిపిస్తోంది. తెలుగు పత్రికలూ ఆ పని చేయాలి, యంత్రం గొంతుతో మాత్రం వద్దు. డయాలసిస్ మంచం మీది మనిషి మాట సిక్కోలు యాసలోనే వినబడాలి. దాన్ని స్టూడియో తెలుగులోకి దిద్దితే సగం నిజం పోతుంది. గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో పనికెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. వాళ్ల గాథ రెండు నిమిషాల బులెటిన్‌లో ఇమిడేదా? భాగాలుగా చేసి, ముందే డౌన్‌లోడ్ చేసుకునేలా ఇవ్వాలి. వేటకెళ్లినవాళ్లకు నడిసంద్రంలో సిగ్నల్ ఉండదు మరి.