తాళంచెవి ఎవరి దగ్గర వుంది?

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

కష్టపడి పండించేవాడొకడు, దాన్ని దాచేవాడు మరొకడు అయినప్పుడు ఆ పంట నిజానికి ఎవరిది? రైతుబిడ్డలకు యీ ప్రశ్న కొత్తది కాదు. మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు కాగితం యింటికి తెచ్చుకున్న ప్రతి రైతుకూ ఆ రాత్రి కొంచెం నిద్ర తక్కువే. మా నాన్న ఎప్పుడూ అంటాడు: "ఒరేయ్, కాగితం బస్తా కాదురా. బస్తా వున్నన్నాళ్ళే కాగితానికి విలువ." చదువుకోని మా నాన్న మాట, చదువుకున్న మా హాస్టలు మిత్రులు క్రిప్టో కరెన్సీ విషయంలో మరిచిపోతున్నారని నా బాధ. అందుకే యీ వ్యాసం.

ముందుగా యీ సంగతి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. 2008 అక్టోబరులో సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో వొక చిన్న పత్రం ప్రకటించారు. నడుమ బ్యాంకు వంటి నమ్మకస్థుడెవరూ లేకుండా మనిషి నుంచి మనిషికి నేరుగా డబ్బు చేరడం ఎలా అన్నది దాని సారాంశం. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలయింది. లెక్కల పుస్తకం అందరి దగ్గరా వుంటుంది. దానిలో కొత్త పేజీ చేర్చే హక్కు కోసం యంత్రాలు పోటీపడి లెక్కలు చేస్తాయి. గెలిచినవాడికి కొత్త నాణేలు. దీన్నే మైనింగ్ అంటున్నారు. మొదట్లో వొక్కో పేజీకి 50 నాణేలు. సుమారు నాలుగేళ్ళకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125కి వచ్చింది.

వొంటరిగా పోటీలో గెలవడం యిప్పుడు మామూలువాడికి దాదాపు అసాధ్యం. అందుకని వేలమంది కలిసి 'పూల్'గా ఏర్పడతారు. మా వైపు కోతల కాలంలో ముఠా కట్టి వెళ్ళినట్టే. ముఠా మేస్త్రీ రైతు దగ్గర మొత్తం కూలి తీసుకుని, ఎవరి వాటా వాళ్ళకి పంచుతాడు. పూల్ నడిపే సంస్థ చేసేదీ అదే. తేడా వొక్కటే. మేస్త్రీ సాయంత్రానికి డబ్బు పంచకపోతే కూలీలు వూరుకోరు. యిక్కడ మనవాళ్ళు "నీ దగ్గరే వుంచు, తరవాత తీసుకుంటాం" అంటున్నారు!

అసలు నాణెం అనే వస్తువు ఎక్కడా లేదని గ్రహించాలి. వున్నది పద్దు, ఆ పద్దును కదిలించే వొక రహస్య సంఖ్య. రెండుకు 256వ ఘాతమంటే దశాంశంలో 78 అంకెలు. అంత పెద్ద సముదాయం నుంచి ఎంచుకున్న సంఖ్య అది. వూహించి పట్టుకోవడం మానవమాత్రుడి వల్ల కాదు. అదే తాళంచెవి. సంస్థ దగ్గర నాణేలు వదిలేస్తే తాళంచెవి ఆ సంస్థది. మన దగ్గర మిగిలేది "మీకింత బాకీ వున్నాం" అనే చీటీ మాత్రమే. కోల్డ్ స్టోరేజీ అయినా వూరి పక్కనే వుంటుంది, బాండు పట్టుకుని వెళ్ళి గేటు ముందు కూర్చోవచ్చు. యీ సంస్థల గేటు ఏ దేశంలో వుందో చాలామందికి తెలియదు.

యిది లేనిపోని భయం కాదు. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ మూతపడినప్పుడు సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించలేదు. తరవాత 2,00,000 దొరికాయి గాని, ఖాతాదారులకు నాణేలు తిరిగి చేరడం మొదలయ్యేసరికి 2024 జూలై వచ్చింది. 2017 డిసెంబరులో స్లొవేనియాకు చెందిన నైస్‌హాష్ నుంచి సుమారు 4,700 బిట్‌కాయిన్లు దొంగలపాలయ్యాయి. యంత్రాల శక్తిని అద్దెకిచ్చి సంపాదించుకున్న వాళ్ళ కష్టార్జితం అది. ఆ సంస్థ మూడేళ్ళలో బాకీ తీర్చింది, అది మెచ్చుకోవలసిందే. అందరూ అలా వుండరు. 2022 సెప్టెంబరులో పూలిన్ అనే పెద్ద పూల్ తన వాలెట్‌లోంచి నాణేలు తీసుకోవడం ఆపేసి, వాటి బదులు అప్పుచీటీలు చేతిలో పెట్టింది. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. దాని అధిపతికి 2024 మార్చిలో 25 ఏళ్ళ శిక్ష పడింది.

మన దేశం మాట? 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తి కొల్లగొట్టబడింది. ఆ పెట్టెకు వొక తాళం కాదు, పలువురి సంతకాలు కావాలి. అయినా పోయింది. లక్షలమంది తమ నాణేల కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. సంతకాలు ఎన్నయినా అందులో మన సంతకం లేదు, అదీ సంగతి.

పేపర్లో చదివినవే కాదు, యింట్లో చూసింది కూడా చెబుతాను. మా పిన్ని కొడుకు, నాకు అన్న వరస, 2021లో నాలుగు గ్రాఫిక్స్ కార్డులు కొని ఎథీరియం మైనింగ్ చేశాడు. యింటికి తెచ్చుకోవాలంటే రుసుము ఎక్కువవుతోందని, వచ్చిందంతా వొక సేవాసంస్థ దగ్గరే పోగుచేశాడు. వొకనాడు తీద్దామంటే "మీ ఖాతా తనిఖీలో వుంది" అన్నారు. గుర్తింపు పత్రాలు అడిగారు, పంపాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ పంపాడు. ఆ తరవాత ఉత్తరాలకు జవాబే లేదు. కరెంటు బిల్లు మాత్రం పిన్నీ బాబాయీ నెలనెలా కట్టారు. కార్డులు కొన్న డబ్బు ఎక్కడిదంటారా? ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బు.

"ప్రభుత్వం పన్ను వేస్తోంది కదా, గుర్తించినట్టే కదా" అని వొక మిత్రుడు వాదించాడు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను వున్న మాట నిజం. పన్ను వేయడం వేరు, పూచీ పడటం వేరు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిటుకు బీమా వుంది. క్రిప్టో సంస్థ మునిగితే ఆ బీమా మనకు వర్తించదు.

మరో వాదన బలమైనది, దాన్ని దాటవేయను. తాళంచెవి మనమే పోగొట్టుకుంటే? బ్రిటన్‌లో జేమ్స్ హౌవెల్స్ అనే ఆయన 2013లో వేల బిట్‌కాయిన్ల తాళంచెవి వున్న హార్డు డిస్కును చెత్తలో పారబోసుకుని, ఆ చెత్తదిబ్బ తవ్వనివ్వమని ఏళ్ళ తరబడి ప్రాధేయపడ్డాడు, కోర్టుకూ వెళ్ళాడు. నిజమే, సొంత గాదెకు సొంత కాపలా తప్పదు. కాని ఎలకలున్నాయని గాదె మానేసి ధాన్యమంతా దారినపోయేవాడి కిచ్చే రైతు ఎవడైనా వున్నాడా? గాదెకు మూత వేస్తాడు, అంతే.

ఆ మూత ఎలా వేయాలో చెబుతాను. రహస్య సంఖ్యను 12 లేక 24 మాటలుగా రాసుకునే పద్ధతి వుంది. ఆ మాటలు కాగితం మీద చేత్తో, వరస తప్పకుండా రాయాలి. ఫోనుతో ఫోటో తీయరాదు, మెయిల్లో పెట్టరాదు. చెదలూ అగ్గీ వున్న యిళ్ళు మనవి, కనుక రెండు ప్రతులు రెండుచోట్ల వుండాలి. పెద్ద మొత్తమైతే హార్డువేర్ వాలెట్ కొనాలి, అదీ తయారీదారు నుంచే, వాడినది కొనరాదు. ముందు కొద్ది నాణెం పంపి, వాలెట్ చెరిపేసి, కాగితం మీది మాటలతో తిరిగి తెరిచి చూసుకున్నాకే మిగతాది పంపాలి. పూల్ చెల్లింపు నేరుగా మన చిరునామాకే వచ్చేలా పెట్టుకోవాలి. ప్రతిసారీ రుసుము పడుతుందని భయమైతే కొంత పోగయ్యాక రప్పించుకోవచ్చు గాని, పోతే తట్టుకోగలిగినంతకు మించి అక్కడ వుంచరాదు. ఆ 12 మాటలు అడిగేవాడు ఎవడైనా, ఎంత మర్యాదగా అడిగినా, దొంగే. యింట్లో నమ్మకమైన వొక్కరికైనా కాగితం ఎక్కడుందో తెలియాలి. మనిషి ప్రాణం శాశ్వతం కాదు.

యిక 'మీరు డబ్బు కట్టండి, యంత్రాలు మేం నడుపుతాం' అనే కంపెనీల మాట. గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు యిస్తామని దేశమంతా వసూలు చేసింది. 2018లో నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. అక్కడ తాళంచెవే కాదు, గాదె వుందో లేదో కూడా కట్టినవాడు చూడలేదు.

నేను ఎవరినీ మైనింగ్ చేయమనడం లేదు. ఫీజు డబ్బుతో, పొలం డబ్బుతో అసలు వద్దనే నా సలహా. చేసేవాళ్ళు ఎలాగూ చేస్తున్నారు. మనం గణితంలో ప్రధానసంఖ్యలూ, భౌతికంలో సెమీకండక్టర్లూ చదువుతున్నాం. వాటిమీదే నిలిచిన యీ లావాదేవీల గూర్చి తరగతిలో వొక్క గంట కూడా లేదు. వచ్చే ఏడు మన యూనియన్ తరఫున వొక శనివారం మధ్యాహ్నం గణిత, కామర్సు అధ్యాపకులతో యీ విషయం మీద పాఠం పెట్టించాలని కోరుతున్నాను. పూర్వ విద్యార్థుల్లో యీ రంగంలో పనిచేసేవాళ్ళుంటే వాళ్ళూ వచ్చి మాట్లాడాలి. హాలు అడగటానికి వెళ్ళేటప్పుడు నన్నూ పిలవండి, కుర్చీలు వేయడానికి నేను సిద్ధం.