పంజరంలోని పక్షికి గింజలు చాలునా?

చిలుకను మన రెండు భాషలూ ఏనాడో చేరదీశాయి. తెలుగున పాలవేకరి కదిరీపతి శుకసప్తతి రచించగా, గోల్కొండ ఆస్థాన కవి గవ్వాసీ 1639లో దక్కనీ భాషలో తూతీనామా కూర్చాడు. రెండింటా కథలు చెప్పేది చిలుకే. మనం కలెక్టరు కాయ అని పిలుచుకొనే మామిడికి గల తోతాపురి అన్న పేరు కూడ చిలుక ముక్కును తలపించేదే. ఇంత మక్కువ చూపిన మనం ఆ పక్షికి పెడుతున్న తిండిని గూర్చి మాత్రం ఆలోచించినట్లు తోచదు.

రామచిలుక సంగతి రెండు మాటలలో చెబుతాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దాని 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి రాగా, రామచిలుక రెండవ షెడ్యూలులో చేరింది. దానిని పట్టుట, అమ్ముట నేరం. కాయలు కొరికి పారవేస్తుందని విస్సన్నపేట తోటల రైతుకు కోపం ఉండవచ్చు, అది న్యాయమే. కాని తొర్రలోని పిల్లను తెచ్చి రెక్కలు కత్తిరించుట దానికి పరిహారం కాదు.

ఇక ఇళ్లలో పెంచదగినవి కాకటీలు, బడ్జరిగారు. బజారులో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలవరకు బడ్జరిగార్లే (ఆ పేరుకు అసలు హక్కుదారులు ఆఫ్రికా పక్షులు). ఈ రెండూ ఆస్ట్రేలియా జాతులు. 1840లో జాన్ గూల్డ్ బడ్జరిగార్లను ఇంగ్లండుకు తెచ్చిన పిమ్మట అవి తరతరాలుగా పంజరాలలోనే పుట్టి పెరుగుతున్నాయి. ఇటువంటి పక్షిని గాలిలోకి వదలుట దయ కాదు.

గింజల డబ్బీ నింపుటే పోషణ అనుకొనేవారు మనలో అధికం. కొర్రలు, సజ్జలు మంచివే. కాని పొద్దుతిరుగుడు గింజలలో నూనె ఎక్కువ; వాటికే మరిగిన పక్షి క్రొవ్వు పట్టి, కాలేయం చెడి, కడుపు నిండా తింటూనే చస్తుంది. పైగా గింజలలో ఎ విటమిను, కాల్షియం బహు తక్కువ. ఎ విటమిను కొరవడితే నోటిలోను, ముక్కులోను పొరలు చెడి శ్వాసరోగాలకు దారి ఏర్పడుతుంది. ఇందుకు మందుల దుకాణానికి పోనక్కరలేదు. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము చాలు. వేసవిలో బంగినపల్లి ముక్క ఒకటి పెట్టినా సంతోషమే. కాల్షియం కోసం సముద్రఫేనం ముక్కను చువ్వలకు కట్టాలి. గ్రుడ్లు పెట్టే ఆడపక్షికి ఇది మరీ అవసరం. లేనినాడు గ్రుడ్డు లోపలనే చిక్కుకొని ప్రాణం తీయగలదు. కొత్త ఆహారాన్ని పక్షి మొదట ముట్టదు. కనుక గింజలు హఠాత్తుగా మానిపించక, ఉదయపు ఆకలివేళ కొంచెం కొంచెంగా వారాల తరబడి అలవాటు చేయాలి. టీ, చాక్లెట్, ఉల్లి, ఉప్పు వేసినవి కూడవు. నమిలిన అన్నాన్ని పెదవుల మీదుగా అందించుట కొందరికి ముద్దు. మన లాలాజలంలోని క్రిములు పక్షికి హాని చేస్తాయని వారు గ్రహించాలి.

పొగ విషయంలోనూ ఇంతే. మాడిన నాన్‌స్టిక్ పెనం నుండి వచ్చే ఆవిరి కొద్ది నిమిషాలలోనే చిలుకజాతిని చంపగలదు. అందుచేత వంటింట పంజరం వ్రేలాడదీయరాదు. దోమల చుట్టకూ దూరంగా ఉంచాలి. మన ఎండలలో పక్షి ముక్కు తెరచి, రెక్కలు ఎడంగా పెట్టి ఒగర్చితే వెంటనే నీడకు చేర్చాలి.

జబ్బును దాచుకొనుట వీటి స్వభావం. ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చొనేసరికి తరచు ఆలస్యమై ఉంటుంది. గ్రాములు చూపే చిన్న త్రాసు ఒకటి ఇంట ఉంటే మేలు. కాకటీలు బరువు సుమారు 80 నుండి 100 గ్రాములు. అందులో పదవ వంతు తగ్గినా పశువైద్యునికి చూపాలి.

మన కళాశాల వరండాలో ఒక పంజరం ఉంటే శోభగా ఉండునని కొందరు విద్యార్థులు అంటున్నారు. చక్కగా సాకితే కాకటీలు 15, 20 ఏండ్లు బ్రతుకుతుంది. మూడేండ్ల డిగ్రీ ముగించి వీరు వెళ్లిపోయేనాటికి దాని ఆయువులో అయిదవ వంతు కూడ గడచునో లేదో. మే నెల సెలవులలో ప్రతి ఉదయం నీరు మార్చి, ఆకు పెట్టే మనిషి పేరును కమిటీ వారు కాగితంపై వ్రాసి చూపిననాడు నేనూ సమ్మతిస్తాను. అంతవరకు ఆ సొమ్ముతో ప్రహరీ వెంట నాలుగు జామ మొక్కలు నాటుట మంచిది; రామచిలుకలు తమంత తామే వస్తాయి.