అసా పట్టుకుంటే మొహతాజ్ అయిపోతామా?

మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు దువా చేసేటప్పుడు ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "యా అల్లా, ఎవరికీ మొహతాజ్ చేయకుండా తీసుకుపో." కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి, ఒకరి మీద ఆధారపడి బతికే రోజు రాకూడదు అని దాని మతలబ్. ఇంత మంచి దువా చేసే మనుషులే, "అమ్మీ, జర కర్ర పట్టుకుని నడువు" అంటే మొహం తిప్పుకుంటారు. "నేనేమన్నా బుడ్డీనా? లోగ్ క్యా కహేంగే?" అంటారు. గోడ పట్టుకుని నడుస్తారు, కుర్చీ పట్టుకుని నడుస్తారు, మనవడి భుజం పట్టుకుని నడుస్తారు. ఒక్క కర్ర తప్ప అన్నీ పట్టుకుంటారు.

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. కర్ర మొహతాజీకి నిషానీ కాదు. మొహతాజీని గడప బయటే ఆపే చౌకీదార్ అది. మనవడు స్కూలుకు పోతే ఆ భుజం ఉండదు. కొడుకుని మనం "బుఢాపే కీ లాఠీ" అని మురిపెంగా చెప్పుకుంటాం. ఆ లాఠీ రియాద్‌లోనో దోహాలోనో నౌకరీ చేస్తుంటుంది. రాత్రి మూడింటికి గుస్ల్‌ఖానాకి లేస్తే చేతికందేది అసలు లాఠీయే. ఒక్కసారి జారిపడి తుంటి ఎముక విరిగిందంటే, దేనికి భయపడి రోజూ దువా చేశారో అదే మంచం పక్కన వచ్చి కూర్చుంటుంది.

మూసా అలైహిస్సలాం చేతిలోని అసా సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అది ముఅజిజా చూపించక ముందు ఆయన ఆనుకునే కర్ర, గొర్రెలకు ఆకులు రాల్చే కర్ర. ఒక పైగంబర్ చేతిలో ఇజ్జత్‌గా ఉన్న వస్తువు మన అమ్మీ, అబ్బాల చేతిలో బేఇజ్జతీ ఎట్లా అవుతుంది?

సరే, షరమ్ వదిలేశారనుకుందాం. రెండో ముసీబత్ అక్కడ మొదలవుతుంది. ఏ కర్ర? ఫోన్‌లో వెతికితే ముసలివాళ్ళ చేతికర్ర, వ్యాయామం కోసం నడిచేవాళ్ళ జంట కర్రలు, కొండలెక్కేవాళ్ళ ట్రెకింగ్ కర్రలు అన్నీ ఒకే వరసలో కనపడతాయి. మూడూ మూడు వేరు వేరు పనులకు పుట్టాయి. తేడా తెలియకుండా కొంటే పైసలు పోతాయి. దానికంటే పెద్ద నుక్సాన్, "కర్రతో నాకు ఫాయిదా లేదు" అని వాళ్ళు మళ్ళీ గోడ పట్టుకోవడం.

మా ఖాలాకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యాక ఇదే జరిగింది. మందుల షాపులో వేలాడుతున్న కర్ర ఒకటి దించి ఇచ్చారు. ఆమె ఎత్తు ఎవరూ చూడలేదు, ఏ చేత్తో పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. కర్ర పొడవెక్కువై భుజం పైకి లేచేది. వారానికల్లా భుజం నొప్పి. పది రోజులకు కర్ర బీరువా పక్కకు చేరింది. ఆమె కొడుకు ఫికర్ పడి జిద్దా నుంచి ఖరీదైన ట్రెకింగ్ కర్రల జత పంపాడు. ప్రేమకు తక్కువేం లేదు. కానీ ఆ పిడి నిలువుగా ఉంటుంది, పిడికిలి బిగించి పట్టుకోవాలి. అరచెయ్యి ఆనించి ఒంటి బరువు వేయడానికి అది తయారు కాలేదు. చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ పిల్ల వచ్చి, ఆ మొదటి కర్రనే రెండు రంధ్రాలు కిందికి దించి, చెయ్యి మార్పించింది. ఖాలా ఇప్పుడు దాంతోనే వీధి చివరిదాకా వెళ్ళొస్తోంది.

అందుకే కొలత ముందు, ఖరీదు తర్వాత. ఆపరేషన్ అయినవాళ్ళకీ, మోకాళ్ళు అరిగినవాళ్ళకీ పనికొచ్చే చేతికర్ర కొలత ఇది. ఇంట్లో వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడాలి. చేతులు పక్కకి వదిలేయాలి. మణికట్టు దగ్గర చర్మం ముడత పడే గీత ఉంటుంది కదా, కర్ర పిడి సరిగ్గా అక్కడికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగాలి. భుజం లేస్తే కర్ర పొడవు, నడుం వంగితే కర్ర పొట్టి.

రెండో మాట చాలామందికి ఉల్టాగా అనిపిస్తుంది. నొప్పి కుడికాలిలో ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి కాలు, కర్ర కలిసి ముందుకు పడాలి, తర్వాత మంచి కాలు. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే ఒళ్ళు ఆ వైపే ఒరిగి, తప్పించాల్సిన బరువు మళ్ళీ ఆ కాలి మీదే పడుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు నొప్పి కాలు ముందు. రెండో చెయ్యి రెయిలింగ్ మీద.

గొడుగు పిడిలా వంపు తిరిగిన పిడి మోచేతికి తగిలించుకోవడానికి బాగుంటుంది. వేళ్ళ కీళ్ళనొప్పులు ఉన్నవాళ్ళకు అరచెయ్యి వెడల్పుగా ఆనే పిడి ఆరామ్. పక్షవాతం వచ్చి ఒక పక్క బలం తగ్గినవాళ్ళకు నాలుగు కాళ్ళ కర్ర ఇస్తారు. అది గట్టిగా నిలబడుతుంది, కానీ నాలుగు కాళ్ళూ నేలకు ఆనాలి. ఇరుకు మెట్ల మీద, ఎగుడుదిగుడు గల్లీలో అదే తకలీఫ్ పెడుతుంది. రెండు కాళ్ళూ తడబడేవాళ్ళకు ఒక్క కర్ర చాలదు, వాకర్ కావాలి. ఈ ఫైసలా షాపువాడిది కాదు, డాక్టర్‌దో ఫిజియోథెరపిస్ట్‌దో.

ఇక ఒంట్లో బలం ఉండి, షుగర్ కోసమో బరువు తగ్గడానికో నడిచేవాళ్ళ కర్రలు వేరు. ఈ నడక ఫిన్లాండ్‌లో పుట్టింది. మంచు మీద స్కీయింగ్ చేసే ఆటగాళ్ళు ఎండాకాలంలో కర్రలతో సాధన చేసేవాళ్ళు. 1997లో అక్కడ మామూలు జనం కోసం ప్రత్యేకంగా కర్రలు బజారులోకి వచ్చాయి. దీన్నే నార్డిక్ వాకింగ్ అంటున్నారు. ఇందులో కర్రను ముందు ఆనించి దాని మీద వాలరు. కర్ర మొన వెనక్కి వాలి ఉంటుంది, దాంతో నేలను వెనక్కి నెడతారు. అందుకే చేతులూ, భుజాలూ, వీపూ కూడా పనిచేస్తాయి, అదే వేగంలో ఉత్త నడక కంటే గుండె ఎక్కువ కష్టపడుతుంది. ఎత్తును 0.68తో గుణిస్తే పొడవు వస్తుంది. 165 సెంటీమీటర్ల మనిషికి 112, అంటే బజారులో దొరికే 110 సరిపోతుంది. వేళ్ళులేని గ్లవ్‌లాంటి పట్టీ ఉందో లేదో చూడండి. చెయ్యి వెనక్కి వెళ్ళినప్పుడు పిడి వదిలేసినా కర్ర ఆ పట్టీతోనే తిరిగి చేతికొస్తుంది. మన సిమెంటు రోడ్ల మీదైతే ఇనుప మొనకు రబ్బరు తొడుగు వేసుకోవాల్సిందే.

కొండలెక్కేవాళ్ళ కర్రల హునర్ అంతా పొడవు మార్చుకోవడంలో ఉంది. చదును నేల మీద మోచెయ్యి ఎల్ ఆకారంలో వంగాలి. ఎక్కేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించుకోవాలి, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి. అసలు ఫాయిదా దిగేటప్పుడే. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, దిగుడు దారిలో జంట కర్రలు వాడితే మోకాలి మీద భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గిందని తేలింది. తిప్పి బిగించే లాక్ కంటే మీటలా నొక్కే లాక్ మీద నాకు భరోసా ఎక్కువ, బిగిసిందో లేదో కంటికి కనపడుతుంది. అల్యూమినియం దెబ్బ తగిలితే వంగుతుంది, కార్బన్ తేలిక కానీ విరుగుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకు అల్యూమినియం చాలు. భువనగిరి ఖిల్లాలాంటి నున్నటి బండ మీద ఇనుప మొన జారుతుంది, రబ్బరు తొడుగే మేలు. చేత్తో రెయిలింగ్ పట్టుకోవాల్సిన చోట కర్రలు మడిచి సంచిలో పెట్టండి.

ఉమ్రాకీ హజ్‌కీ తయారయ్యే పెద్దలకు ఒక మష్వరా. సఫా, మర్వాల మధ్య ఏడు సార్లు నడిస్తేనే దాదాపు మూడు కిలోమీటర్లు అవుతుంది. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు ప్రయాణానికి కొన్ని నెలల ముందే కర్ర కొలత సరిచేసుకుని రోజూ నడక ఆదత్ చేసుకోవాలి. తవాఫ్ జనంలో మాత్రం జంట కర్రలు వద్దు, పక్కవాళ్ళ కాళ్ళకు అడ్డం పడతాయి. ఒక్క చేతికర్ర, అది చాలకపోతే వీల్‌ఛైర్. దాంట్లో ఏ షరమూ లేదు.

మన ఆడవాళ్ళ గురించి ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి. బుర్ఖా అంచు నేలకు రాస్తుంటే కర్ర దాని మీదే పడుతుంది, అడుగు వేస్తే తట్టుకుంటారు. అంచు చీలమండ దాకా మడిచి కుట్టించండి. సంచీ చేత్తో మోయకుండా భుజానికి అడ్డంగా వేసుకోమనండి.

మస్జిద్ కమిటీలతో కూడా ఒక అర్జ్ ఉంది. కుర్చీల మీద నమాజ్ చదివేవాళ్ళకు జాగా ఇచ్చారు, షుక్రియా. కానీ కొన్ని చోట్ల కర్రను చెప్పులతో పాటు బయట వదిలి రమ్మంటున్నారు. వుజూ చేసిన తడి పాలరాయి మీద ఆ పెద్దమనిషి దేని సహారాతో నడవాలి? తలుపు దగ్గర ఒక గుడ్డ పెట్టండి. కర్ర కింది రబ్బరు తుడుచుకుని లోపలికి రానివ్వండి. లేదా లోపలే నాలుగు కర్రలు ఉంచండి. పెద్ద ఖర్చేం కాదు.

మీ ఇంట్లో ఇప్పటికే ఒక కర్ర ఉంటే, దాన్ని తలకిందులు చేసి రబ్బరు బుష్ చూడండి. గీతలు అరిగి నున్నగా ఉంటే ఈరోజే మార్పించండి. తర్వాత అబ్బాని నిలబెట్టి మణికట్టు దగ్గర కొలత చూడండి, ఏ చేత్తో పట్టుకుంటున్నాడో అడగండి. ఐదు నిమిషాల పని. దువా వాళ్ళు చేస్తూనే ఉన్నారు, ఈ చిన్న ఖిద్మత్ మనం చేద్దాం.