సరిహద్దుగీటుకు ఇరువైపుల

తిరుపతినుండి పుత్తూరు, నగరిల మీదుగా చెన్నపట్టణమునకు పోవు బాటసారి త్రోవలో తిరుత్తణి చేరును. ఒక రాష్ట్రము ముగిసి వేఱొకటి మొదలైనదని అతనికి పేరుపలకల లిపియే తెలుపును. గీటుకు ఇరువైపుల రెండు భాషలు మాటాడువారును కలరు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు చిత్తూరు జిల్లా అంతయు దానిలో చేరెను. తిరుత్తణి తమదని తమిళులు ఆందోళన సలిపిరి. చెంగల్పట్టు జిల్లాలోని తెలుగు గ్రామములు తమకు రావలెనని ఆంధ్రులు కోరిరి. పూర్వకాలమున ఇట్టి తగవులు కత్తులతో తీరెడివి. ఇచ్చట ఇరు ప్రభుత్వములును హరి వినాయక పటాస్కరును మధ్యవర్తిగా అంగీకరించినవి. గ్రామమును ప్రమాణముగా గొని, అచ్చటి భాషాధిక్యమును, భూభాగముల ఆనుకొనికను చూచి ఆయన 1957లో తీర్పు చెప్పెను. దానినిబట్టి పార్లమెంటు 1959లో శాసనము చేసెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును చేరినవి. ఏ పక్షమునకును కోరినదంతయు దక్కలేదు. అయినను ఉభయులును తీర్పును శిరసావహించిరి.

రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము రాష్ట్రముల హద్దులను మార్చు అధికారము పార్లమెంటుదే. రాష్ట్రపతి ముందుగా ఆ బిల్లును సంబంధించిన శాసనసభలకు పంపి అభిప్రాయము కోరవలెను. ఆ అభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడనక్కఱలేదు. యూరపు సమాఖ్య తీరు వేఱు. అచ్చటి ఉమ్మడి పార్లమెంటు సభ్యదేశముల హద్దులను జరుపజాలదు. 2020లో బ్రిటన్ వలె ఇష్టములేని దేశము వెడలిపోవచ్చును. భారత రాష్ట్రములకు అట్టి దారి లేదు. వెడలిపోవు వాకిలి లేని ఇంటిలో ఒకరి మాట ఒకరు వినుట మఱింత అవసరము.

గీటు ఎంత న్యాయముగా గీచినను కొందఱు పరభాషా రాష్ట్రమున మిగిలిపోక తప్పదు. వారికొఱకే 1956లో 350ఏ, 350బి అధికరణములు చేర్చబడినవి. అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమికవిద్య చెప్పించుటకు రాష్ట్రములు పాటుపడవలెనని మొదటిది చెప్పుచున్నది. రెండవదానివలన ఏర్పడిన ప్రత్యేకాధికారి పరిశీలించి రాష్ట్రపతికి నివేదించును; ఆజ్ఞాపింపజాలడు. 2021 నవంబరు 14న తిరుపతిలో సమావేశమైన దక్షిణ ప్రాంతీయ మండలియు సలహా చెప్పునదే. ఈ సంస్థలు తలుపు తెఱవగలవు. లోనికి నడువవలసినవి రాష్ట్రములే.

అట్లు నడచుట సాధ్యమని తెలుగుగంగ చాటుచున్నది. 1983లో ఇరు రాష్ట్రములును ఒడంబడిక చేసికొనగా, 1996లో కృష్ణాజలములు కండలేరునుండి పూండి జలాశయమును చేరెను. ఒకప్పుడు హద్దుకై వాదులాడిన పొరుగువారు నీటిని పంచుకొనిరి.

కావున సమాఖ్య బలమును ఢిల్లీలోని భవనములనుబట్టి మాత్రమే కొలువరాదు. తిరుత్తణిలోని తెలుగు బాలుడు, సత్యవేడులోని తమిళ బాలిక తమ భాషలో చదువుకొని, తాము పరాయివారమని తలపక పెరుగుదురా? సమాఖ్యకు అదియే సరియైన పరీక్ష. పొరుగు భాషవానిని గౌరవించు ప్రతి విద్యార్థియు ఆ పరీక్షలో దేశమును గెలిపించువాడే.