గిఫ్ట్ డీడ్‌లో ఆ ఒక్క మాట

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కొడుకులు గల్ఫ్‌లో, మంచం పట్టిన తల్లి ఇంట్లో ఉన్న కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలైంది. 4,000 చేస్తామన్న మాట 2023 ఎన్నికల్లో విన్నాం. ఏదైనా, పక్కనుండి చూసుకునే మనిషి జీతానికి అది చాలదు. ఇక ఆధారం ఇల్లు, భూమి. "ఎప్పటికైనా వాళ్లవేగా" అని వాటినీ ముందే రాసిచ్చేస్తున్నారు.

2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. దాన్ని చూపించకపోతే ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు ఒక తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించింది. జీవితాంతం చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమెను ఆదుకుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందు ప్రార్థనకు పిలిచే పాస్టరుగారైనా అడగాలి: అమ్మ పోషణ సంగతి పత్రంలో రాశారా? సొంత బిడ్డల దగ్గర షరతేమిటని ఆమె నొచ్చుకోవచ్చు. అయినా అడగాలి. ఇప్పటికే రాసిచ్చి దిక్కులేక ఉన్నవారు పోషణ భత్యం కోసం ఆర్డీఓ కార్యాలయంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.