ఒంటిపూట బడి, మూడుపూటల చాకిరీ

మార్చి నెల సగం గడిచేసరికి మన బడులన్నీ ఒంటిపూట అయిపోతాయి. ఎండలు ముదిరాయి, పిల్లలు తట్టుకోలేరని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. మంచిదే, దాన్ని ఎవరూ తప్పుపట్టం. కానీ పన్నెండున్నరకి గంట కొట్టాక ఆ పిల్లలు ఎక్కడుంటారు, ఎవరు చూస్తారు అన్న ప్రశ్న ఆ ఉత్తర్వులో ఉండదు. ఉండాలని ఎవరికీ తోచదు. ఇంట్లో తల్లి ఉంది కదా!

చింతలపూడి మండలంలోని ఒక ఊళ్లో అలాంటి ఒక ఇంట్లో రోజంతా కూర్చున్నాను. ఆమె పేరు రాయను. నలుగురు పిల్లలు. పెద్దది నాలుగో తరగతి, తర్వాతవాడు రెండు, మూడోది అంగన్‌వాడీకి వెళ్లే నాలుగేళ్ల పిల్ల, చంటాడికి పది నెలలు. భర్త పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి వెళతాడు. తాగడు, కొట్టడు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే మన పత్రికల్లో ఇంటి గురించి రాయాలంటే తాగుబోతు మొగుడు ఉండి తీరాలన్నట్టు అయిపోయింది. ఇక్కడ అలాంటి సంఘటన ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక మామూలు రోజు.

నాలుగున్నరకి లేచింది, కుళాయి వచ్చే వేళ కాబట్టి. బిందెలూ డ్రమ్మూ నింపి, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి, కట్టెల పొయ్యి వెలిగించింది. గ్యాస్ బండ ఉంది, కానీ అది నెలాఖరు దాకా రావాలి. ఆరింటికి భర్తకి క్యారేజీ కట్టింది. బడి పొద్దున్నే కాబట్టి ఏడున్నర లోపల ఇద్దరికీ స్నానాలూ జడలూ చద్దన్నాలూ అయిపోవాలి. చంటాడు చంకలోనే ఉన్నాడు. పొయ్యి పక్కన పెట్టుకున్న టీ తాగేసరికి ఎనిమిది దాటింది. మూడోదాన్ని అంగన్‌వాడీలో దింపొచ్చి బట్టల దగ్గర కూర్చుంది.

పన్నెండున్నర తర్వాత అసలు పూట మొదలైంది. మధ్యాహ్న భోజనం బడిలోనే పెట్టారు, అంతవరకు నయం. మామిడి పిందెలు రాలే కాలం. కొడుకు ఎండలో తోటకేసి పరుగు. తోటలో నేలబావి ఉంది. మూడోది ఉప్పూకారం కావాలని ఏడుపు. రేకుల ఇంట్లో ఉక్కకి చంటాడు నిద్రపోడు. చేతులు అంట్లు తోముతున్నా ఆమె ఒక చెవి వాకిట్లో, ఒక కన్ను బావివైపు. కాసేపు మాటలు వినబడకపోతే చాలు, చేతిలో గిన్నె వదిలేసి బయటికి వచ్చేది. అలా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడదామనుకుని వదిలేశాను. చివరికి తొమ్మిదేళ్ల పెద్దపిల్ల చంటాణ్ణి నడుం మీద వేసుకుంది. దాని పుస్తకాల సంచి సాయంత్రం దాకా మేకుకే వేలాడింది. ఆడపిల్లల చదువు గురించి మనం వేసే పోస్టర్లలో ఈ సంచి బొమ్మ ఎప్పుడూ రాలేదు.

చీకటి పడ్డాక అడిగాను, "ఏం పని చేస్తున్నావమ్మా ఇప్పుడు?" అని.

"ఏం లేదండీ, ఖాళీగానే ఉంటున్నానండి. చిన్నోడు పుట్టాక పన్లోకి వెళ్లట్లేదండి."

ఈ 'ఖాళీ' ఆమె సొంతమాట కాదు, రాజ్యం నేర్పిన మాట. 2001 జనగణనలో ఇంటిపని చేసే ఆడవాళ్లని బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి పనిచెయ్యనివాళ్ల జాబితాలో వేశారని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. 2024లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అసలు చెయ్యనివాళ్లు ఆ సగటులోకి రానే రారు. బావివైపు పెట్టిన కన్నుని ఏ నిమిషాల్లో రాస్తారు?

ఈ పనికి విలువ కట్టే చోటు ఒకటి ఉంది. అది ప్రమాదాల నష్టపరిహారం కేసు. 1989 జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల సేవలకి నెలకి 3 వేల రూపాయలని 2001లో సుప్రీంకోర్టు లెక్కగట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో గృహిణి శ్రమని గుర్తించాలని వివరంగానే రాశారు. సంతోషం. అయితే ఆ డబ్బు రావాలంటే ఆమె ముందు చచ్చిపోవాలి.

నలుగుర్ని ఎందుకు కన్నట్టు అని మనలోనే కొందరు అడుగుతారు. ఎందుకు కన్నావని అడిగినంత తేలిగ్గా ఎవరు పెంచుతున్నారని అడగం. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లని పంచాయతీ ఎన్నికలకి పనికిరారంది. అదే రాష్ట్రం 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసి, ఇంకా కనండని పిలుపిస్తోంది. 2025 మార్చిలో ఒక ఎంపీగారు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడయితే ఆవూ దూడా ఇస్తానన్నారు. ఆ ఆవుకి గడ్డి ఎవరు వెయ్యాలో చెప్పలేదు. వద్దన్నప్పుడు కత్తి పడింది కూడా ఆడవాళ్ల మీదే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. మన గర్భం వాళ్ల లెక్కల పుస్తకం. ఒకసారి కూడిక, ఒకసారి తీసివేత.

కాబట్టి మనం అడగాల్సింది బహుమానాలు కాదు. ఊరూరా పిల్లల్ని రోజంతా చూసుకునే కేంద్రాలు, చంటిపిల్లలతో సహా. అంగన్‌వాడీలో మూడేళ్లు నిండని పిల్లలకి సరుకులు ఇంటికిస్తారు గాని పిల్లని రోజంతా ఉంచుకోరు. అంగన్‌వాడీలోనే క్రెష్‌లు పెడతామని కేంద్రం 2022లో పాల్నా పథకం తెచ్చింది. దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలుంటే దానికి పెట్టుకున్న లక్ష్యం 17 వేలు! పక్కన కర్ణాటకలో 2023లో 'కూసిన మనె' పేరుతో 4 వేల గ్రామ పంచాయతీల్లో మూడేళ్లలోపు పిల్లల కేంద్రాలు పెట్టే పని మొదలుపెట్టారు. అక్కడ వీలైంది మన దగ్గర ఎందుకు కాదు? ఒక్క హెచ్చరిక. ఈ బరువుని ఇప్పుడున్న అంగన్‌వాడీ అక్కల నెత్తిన వేసి చేతులు దులుపుకోనివ్వకూడదు. జీతం పెంచమని వాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ఎస్మా పెట్టారు. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే గౌరవ వేతనం.

ఇక మన సంగతి. ఇదే ఊళ్లో మా సంఘం ఫిబ్రవరిలో హక్కుల సమావేశం పెట్టింది, మధ్యాహ్నం రెండింటికి. ఈమె రాలేదు. మా రిజిస్టరులో ఆమె పేరు పక్కన 'ఆసక్తి లేదు' అని రాసి ఉంది. రాసింది నేనే. మా సర్వే ఫారంలో వృత్తి గడిలో 'ఏమీ లేదు' అని నింపింది కూడా మా కార్యకర్తే. జనగణన వాళ్లని తిట్టేముందు ఆ రెండూ కొట్టేశాం.

ఏప్రిల్ సమావేశం ఆమె వాకిట్లోనే, పొద్దున్న తొమ్మిదిన్నరకి. పిల్లల్ని చూసే వంతు మా సంఘంలోని మగ కార్యకర్తలదని తీర్మానం రాశాం. ఇద్దరు అభ్యంతరం చెప్పారు, తమకి అలవాటు లేదట. ఆ అభ్యంతరాన్ని కూడా పేర్లతో సహా రిజిస్టరులో రాశాం.